మూడు పిలుపులూ విని పలకని మనిషి

అమీనా అంటే ఎవరో ఇప్పటివాళ్ళకి విడమరిచి చెప్పాల్సి వస్తోంది. కోర్టులో వకీళ్ళు వాదిస్తారు, జడ్జిగారు తీర్పు రాస్తారు. ఆ తీర్పుని సంచిలో పెట్టుకుని ఎవరి పొలం గట్టు మీదికో, ఎవరి గుమ్మంలోకో వెళ్ళి "ఇది ఇక మీది కాదు" అని చెప్పేవాడు అమీనా. చోడవరం కోర్టులో నేను చేసింది ఆ పనే. నన్ను చూసి సంతోషించినవాళ్ళు లేరు. కేసు గెలిచినవాళ్ళు కూడా ఇన్నాళ్ళకా వచ్చేది అని విసుక్కునేవారు. నాకూ ముక్కు మీద కోపం. ఎవరైనా ఒక మాటంటే రెండు అనకపోతే అన్నం సహించేది కాదు. ఆ కోపం వల్లనే చాలా ఊళ్ళలో నాకు మంచినీళ్ళు కూడా పుట్టలేదు.

కొత్తగా కోర్టుల్లో చేరినవాళ్ళు, నల్లకోటు వేసుకున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఒక వకీలు ఒక రోజు కోర్టుకి రాకపోతే ఏమవుతుందో చెబుతాను. ఏముంది, ఇంకో వాయిదా వేస్తారు అనుకుంటారు మీరు. నేను చెప్పబోయే వకీలూ అలాగే అనుకున్నాడు.

నా చేతికి వచ్చిన వారెంటు బుచ్చయ్యపేట వైపు ఒక చెరుకు పొలానిది. ఎకరం పైచిలుకు ఉంటుంది. ఆ పొలం చేస్తున్న ఆవిడకి భర్త పోయాడు. భర్త పెదనాన్న కొడుకు, అంటే ఆవిడకి వరసకి బావగారు, పొలం తనదని కేసు వేశాడు. పెద్దవాళ్ళు నోటిమాటగా పంచుకున్నారు, ఈ ముక్క మా మామకి వచ్చింది అంటుంది ఆవిడ. కాగితం చూపించు అంటాడు ఆయన. కింది కోర్టు ఆయన పక్షాన చెప్పింది. ఆవిడ పై కోర్టులో అప్పీలు వేసి, అది తేలేదాకా పొలం జోలికి రాకుండా స్టే తెచ్చుకుంది. అప్పీలు కొట్టేస్తే స్టే కూడా పోయినట్టే. అందుకే వారెంటు నా దాకా వచ్చింది.

ఊళ్ళో అడుగు పెట్టగానే జనం నాకు ముందే జాగ్రత్తలు చెప్పారు. ఆవిడ నోరు మంచిది కాదట. ఆవిడ గట్టు మీద నిలబడి పిలిస్తే పక్క ఊరివాడు పలుకుతాడట. నా వెంట బావగారు, వాళ్ళ వకీలు గుమస్తా, ఊళ్ళో వీఆర్వో, దండోరా వెయ్యడానికి డప్పు మనిషి ఉన్నారు. ఇంతమందిని చూసి ఆవిడ చెరుకులోంచి బయటికి వచ్చింది. చెరుకు పడిపోకుండా దాని ఆకుతోనే జడచుట్లు చుడుతోంది కాబోలు, ముంజేతులనిండా ఆకు కోసిన గీతలు.

"ఎవరు బాబూ తమరు?"

"కోర్టు అమీనానమ్మా. పొలం స్వాధీనం చేయించడానికి వచ్చాను."

"మా వాయిదా ఇంకా రాలేదు కదేటి? వకీలు బాబు తేదీ వచ్చినాక కబురు సేత్తానన్నాడు."

"నీ అప్పీలు కొట్టేశారమ్మా."

ఆవిడ నవ్వింది. నేను వేళాకోళం ఆడుతున్నాననుకుంది. "ఇంకా ఇననే లేదు, ఎలా కొట్టేత్తారు?" అంది.

నా ఉద్యోగంలో తిట్లు తిన్నాను, శాపాలు విన్నాను, ఒకచోట పేడనీళ్ళు కూడా పడ్డాయి. ఆ ప్రశ్న మాత్రం నన్నెవరూ అడగలేదు. వారెంటులో ఉన్నది చదివాను. అప్పీలు విచారణకు వచ్చిన రోజున అప్పీలుదారు గానీ, ఆమె తరఫు వకీలు గానీ హాజరు కానందున డిఫాల్టు కింద కొట్టివేయడమైనది.

"ఆజరు కాలేదా? ఎవరు కాలేదు? నేను ఆ దినం కోర్టులోనే ఉన్నాను బాబూ! వరండాలో బల్ల మీద కూకున్నాను. నా పేరు పిలిసేరు. మూడు పాలీలూ పిలిసేరు. నా సెవులతో ఇన్నాను."

"వింటే పలకలేదేం?"

"మా వకీలు గుమస్తా బాబు పలకొద్దన్నాడు."

మీకు ఈ సంగతి తెలియాలి. కింది కోర్టులో కేసు నడిచేటప్పుడు ఒకసారి అవతలి వకీలు ఏదో అంటే ఈవిడ ఉండబట్టలేక లేచి, ఆయన్ని ఎడాపెడా దులిపేసింది. జడ్జిగారు మందలించారు. అప్పట్నించి గుమస్తా ఆవిడకి ఒకటే పాఠం: పేరు పిలిచినా నువ్వు పలక్కు, మేం చూసుకుంటాం, నువ్వు నోరిప్పితే కేసు పోద్ది. మన ఊళ్ళ కోర్టుల్లో ఇది అందరు గుమస్తాలూ చెప్పేదే. కక్షిదారు నోరిప్పకుండా కూర్చుంటే వకీలుకి సుఖం. ఆవిడ ఆ పాఠాన్ని ఒంటబట్టించుకుంది. ఆ రోజు వకీలు లేడు, గుమస్తా లేడు, తన పేరు మాత్రం వరండా అంతా మోగింది. ఊరంతా హడలిపోయే ఆ నోరు మెదపకుండా కూర్చుంది.

ఆ రోజు సాయంత్రం ఆవిడ గుమస్తాకి ఫోను చేస్తే "వాయిదా పడింది, ఇంటికెళ్ళిపో" అన్నాడట.

బావగారికి ఓపిక నశించింది. "ఇయన్నీ మనకెందుకండీ అమీనా గారూ! దండోరా ఏయించండి."

డప్పు మనిషి నా మొహంకేసి చూశాడు. నేను కానీయమన్నాను. డప్పు మోగేసరికి ఆవిడకి అప్పుడు తలకెక్కింది, ఇది వేళాకోళం కాదని. గిరుక్కున తిరిగి చెరుకు సాళ్ళలోకి వెళ్ళి నేల మీద కూలబడింది.

"రండి. ఈడ్సుకొచ్చి అవతల పారేసి తీసుకోండి. నా మాట ఒక్కటీ ఇనకుండా నా పొలం ఎలా తీసుకుంటారో సూత్తాను!"

"ఆడమనిషి కూకుంటే కోర్టు ఆగిపోద్దేటండి?" అన్నాడు బావగారు.

"ఆగుతుంది. పోలీసు సాయానికి కోర్టు ఆర్డరు తెచ్చుకో, అప్పుడు కదులుతుంది. అందాకా నాకు పాఠాలు చెప్పకు" అన్నాను. నిజానికి నా కోపం ఆయన మీద కాదు. కళ్ళముందు ఆయన ఉన్నాడు కాబట్టి ఆయన మీద పడింది.

అడ్డుకున్నప్పుడు అడ్డుకున్నవాళ్ళు ఏమన్నారో రాసుకోవడం అమీనా పని. గట్టు మీద కూర్చుని రాశాను. ఆ రోజు కోర్టులో ఉన్నానని, పేరు పిలిస్తే విన్నానని, పలకొద్దని చెప్పినందువల్ల పలకలేదని. చదివి వినిపిస్తే "అవును, అలగే రాయి" అని వేలిముద్ర వేసింది. ఆ ఒక్క వాక్యం ఎంత దూరం పోతుందో అప్పుడు నాకూ తెలియదు, ఆవిడకీ తెలియదు.

మర్నాడు పొద్దున్నే, సంగతి ఎవరి ద్వారా విన్నాడో, ఆవిడ వకీలు మా ఇంటికి వచ్చాడు. చోడవరం బారులో పెద్ద తలకాయ. రైతు కేసులంటే ఆయన దగ్గరికే వెళ్ళేవారు. మనిషి మంచివాడు, నేనంటే అభిమానం కూడా. కాఫీ ముట్టుకోలేదు.

"నీ రిపోర్టు కోర్టులో పెట్టేశావా?"

"ఇవాళ పెడతానండి."

"ఆవిడ ఆ రోజు కోర్టుకి వచ్చిందన్న ముక్క తీసెయ్."

"ఎందుకండీ?"

నసుగుతూ చెప్పాడు. అప్పీలు తిరిగి తీసుకోమని ఆయన అప్పటికే పిటిషను వేశాడు. ఆవిడ సంతకాలకి ఇబ్బంది లేకుండా ముందే వేలిముద్రలు వేయించి పెట్టుకున్న ఖాళీ కాగితాల మీద అఫిడవిట్ తయారైంది. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు. అందులో కారణం జ్వరమని రాశాడు.

"ఎవరికండీ జ్వరం?"

"ఆవిడకి."

"మరి మీకు?"

ఆయన తల దించుకుని "నాకు కూడా" అన్నాడు.

"ఇద్దరికీ ఒకే రోజు వచ్చిందాండీ?" అన్నాను. అనకూడదు, కానీ అనేశాను.

అసలు జరిగింది అప్పుడు చెప్పాడు. వకీళ్ళ వాట్సాప్ గ్రూపులో ముందురోజు ఎవరో ఒక నోటీసు పెట్టారు, రేపు కోర్టు విధులు బహిష్కరిస్తున్నాం అని. అది ఎప్పటిదో పాత నోటీసు. వెనకటి ఫోటోలు వెతుకుతూ ఎవరి వేలో తగిలి గ్రూపులోకి వచ్చిపడింది. కాసేపటికి "ఇది పాతది, పట్టించుకోకండి" అని ఇంకొకరు పెట్టారు. ఈయన మొదటిది చూశాడు, రెండోది చూడలేదు. బహిష్కరణ రోజున మన దగ్గర ఏ కేసూ కొట్టెయ్యరు, అన్నీ వాయిదా పడతాయి. ఆ ధీమాతో గుమస్తాని కూడా వెంటబెట్టుకుని నర్సీపట్నంలో బంధువుల గృహప్రవేశానికి వెళ్ళాడు. ఆవిడకి మాత్రం రావద్దని చెప్పడం మరిచిపోయారు.

"ఇదే రాయండి కోర్టుకి" అన్నాను.

"ఇన్నేళ్ళ ప్రాక్టీసు పెట్టుకుని, పాత మెసేజీ చూసి కోర్టు ఎగ్గొట్టానని నా చేత్తో రాయమంటావా? బార్ రూములో నా కుర్చీ దగ్గరికి వచ్చి నవ్వుతారయ్యా."

"మీరు నవ్వులపాలవుతారని ఆవిడకి జ్వరం తగిలించారా?"

గొంతు పెంచాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసింది. ఆయన లేచి నిలబడి, "నా సంగతి సరే. ఆ ముక్క ఉంటే అఫిడవిట్ అబద్ధమని తేలిపోతుంది. అబద్ధం చెప్పినవాళ్ళకి ఏ జడ్జీ అప్పీలు తిరిగి ఇవ్వడు. నీ నిజం వల్ల పోయేది ఆవిడ పొలం. ఆలోచించుకో" అని వెళ్ళిపోయాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. నిజం రాస్తే ఆవిడ మునుగుతుంది. తీసేస్తే నా ఉద్యోగం సంగతి అలా ఉంచి, గట్టు మీద అవతలి గుమస్తా కూడా విన్నాడు, రేపు బయటపడితే ఇంకా లోతుకి మునుగుతుంది. సైకిలు మీద కోర్టుకి వెళ్తూ దారంతా ఆయన్నే తిట్టుకున్నాను. రిపోర్టు ఉన్నది ఉన్నట్టు ఇచ్చేశాను. ఇచ్చాక నా మనసు తేలికపడిందని అనుకోకండి. 

అనుకున్నంతా అయింది. అవతలి వకీలు నా రిపోర్టు నకలు తీసుకుని, నన్ను సాక్షిగా పిలిపించాడు. నలుగురినీ కోర్టుకి పిలిచే నోటీసులు పంచినవాడిని, మొదటిసారి నా పేరు మీద వచ్చిన నోటీసు అందుకున్నాను.

బోనెక్కాను. అవతలి వకీలు తొందరపడలేదు.

"ఆ రోజు తాను కోర్టులోనే ఉన్నానని ఆమె మీతో చెప్పిందా?"

"చెప్పిందండి."

"జ్వరం వచ్చి ఇంట్లో పడుకున్నానని చెప్పిందా?"

"లేదండి."

"అంతే" అని ఆయన కూర్చున్నాడు. ఆవిడ వకీలు నన్ను ఏమీ అడగలేదు. కాగితాలు సర్దుకుంటున్నాడు, సర్దినవే మళ్ళీ సర్దుతున్నాడు. జడ్జిగారు కళ్ళజోడు తీసి ఆయన వైపు చూశారు.

"పిటిషనర్ వచ్చారా? పిలవండి."

అటెండరు గుమ్మం దగ్గరికి వెళ్ళి ఆవిడ పేరు పిలిచాడు. నేను బోనులో ఎత్తు మీద ఉన్నాను కాబట్టి నాకు కనిపిస్తోంది. ఆవిడ ఎక్కడో లేదు, హాల్లోనే వెనక బెంచీలో కూర్చుని ఉంది. పేరు వినగానే వీపు నిటారు అయింది. కళ్ళు గుమస్తా వైపు తిరిగాయి. గుమస్తా నేల చూపులు చూస్తున్నాడు. ఆవిడ పెదాలు బిగించేసింది.

రెండోసారి పిలిచాడు. పలకలేదు.

 పలకవమ్మా, మహాతల్లీ, ఒక్కసారి పలుకు అని లోపల లోపల అరుస్తున్నాను. సాక్షిని, బోనులోంచి సైగ చేసే వీలు లేదు. అవతలి వకీలు చిరునవ్వుతో "రాకపోవడం వాళ్ళకి అలవాటేనండి" అన్నాడు.

అటెండరు మూడోసారి పిలవడానికి గొంతు సవరించుకున్నాడు. అప్పుడు ఆవిడ వకీలు లేచాడు. వెనక్కి తిరిగి ఆవిడ వైపు చూశాడు. నా ఎదుట ఆ మనిషి ఒక్క నిమిషంలో పదేళ్ళు పెద్దవాడైపోయినట్టు కనిపించాడు.

"అమ్మా, పలుకు" అన్నాడు.

"పలకొచ్చా బాబూ?"

"పలుకు. ముందుకు రా."

ఆవిడ వచ్చి నిలబడింది. ఇంతసేపూ ఎందుకు పలకలేదని జడ్జిగారు అడిగారు.

"పలికితే కేసు పోద్దన్నారండి. ఆ పాలీ అందుకే పలకలేదు. పలక్కపోతే పోద్దని నాకెవరూ సెప్పలేదు."

"మీకు ఆ రోజు జ్వరమా?"

ఆవిడ తెల్లబోయింది. "జొరమా? నాకా? ఎవరన్నారండీ?"

 జ్వరం అక్కడితో తేలిపోయింది. ఆవిడ పొలం కూడా దానితోపాటే తేలిపోతోందని నాకు అనిపించింది. వకీలు టేబులు అంచు పట్టుకుని, నాకు మా ఇంట్లో చెప్పిందంతా జడ్జిగారికి చెప్పాడు. పాత నోటీసు, నర్సీపట్నం, ముందే వేయించుకున్న వేలిముద్రలు, అన్నీ. వెనక కుర్చీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన ఆగలేదు. "అఫిడవిట్లో ఉన్నది నా మాట, ఆవిడ మాట కాదు. ఆవిడకి దాంట్లో ఏముందో కూడా తెలియదు. శిక్ష వేస్తే నాకు వెయ్యండి" అన్నాడు.

"ఇది మొదటే ఎందుకు రాయలేదు?"

"సిగ్గేసిందండి."

ఇన్నేళ్ళలో ఒక వకీలు నోట ఆ మాట కోర్టులో వినడం నాకు అదే మొదలు, అదే ఆఖరు. ఆయన మీద నాకున్న కోపం అక్కడికక్కడే సగం చల్లారింది.

తర్వాతి వాయిదాకి ఆర్డరు వచ్చింది. వకీలు చేసిన తప్పుకి కక్షిదారు బలి కాకూడదని, అప్పీలు తిరిగి తీసుకుంటున్నామని, అందాకా పొలం జోలికి పోవద్దని. వకీలుకి మాత్రం ఆ ఆర్డరులోనే గట్టిగా చివాట్లు తగిలాయి. ఆ తర్వాత కొంతకాలం కుర్ర వకీళ్ళు ఆయన ఎదురుపడితే "జ్వరం తగ్గిందా సార్" అని అడిగేవారు. ఆయన "నార్మల్‌కి వచ్చిందయ్యా" అనేవాడు. గుమస్తా చేత మాత్రం ఆ పాఠం చెప్పడం మాన్పించాడు.

అప్పీలుని ఆయనే దగ్గరుండి వాదించాడు. ఆవిడ ప్రతి వాయిదాకీ ముందు బెంచీలో కూర్చునేది. పేరు పిలిస్తే "ఉన్నానండీ" అన్న కేక కింద సైకిలు స్టాండు దాకా వినిపించేది. జడ్జిగారు ఒకసారి నవ్వి, కొంచెం నెమ్మదిగా పలకమని చెప్పారట.

ఇక్కడితో ఆపేస్తే బాగుంటుందని నాకూ ఉంది. కానీ తీర్పు ఆవిడకి వ్యతిరేకంగా వచ్చింది. పంపకానికి కాగితం లేదు. ఆవిడ సాక్షులు హద్దుల దగ్గర ఒకరు ఒకటి చెబితే ఇంకొకరు ఇంకోటి చెప్పారు. వారెంటు మళ్ళీ నా సంచిలోకి వచ్చింది.

ఈసారి బావగారు ముందే పోలీసు సాయం తెచ్చుకున్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు. ఆ ఏటి చెరుకు ఆవిడే కొట్టించి ఫ్యాక్టరీకి తోలుకుంది, కొట్టిన దుబ్బుల నుంచి కార్సి మొలకలు, అంటే రెండో పంట పిలకలు, మోకాలెత్తు లేచాయి. ఆవిడ గట్టు మీద నిలబడి ఉంది. చెరుకు లేదు, దూరి కూర్చోవడానికి చోటు లేదు. ఏం చేస్తుందోనని నాకు భయంగానే ఉంది. కానిస్టేబుళ్ళు అటూ ఇటూ నిలబడ్డారు.

"ఈల్లెందుకు బాబూ?" అంది నాతో.

"ఆర్డరమ్మా."

"మా వకీలు సెప్పిందంతా జడ్జిగారు ఇన్నారు. నన్ను సూసేరు, మా సాచ్చుల్ని అడిగేరు. అన్నీ ఇని కాదన్నారు. నాకు కోపమే. మా మావకి ఇచ్చిన మాట అబద్దం కాదు, ఏ కోర్టు సెప్పినా కాదు. అమరావతి ఐకోర్టు దాకా ఎల్లే ఓపిక నాకు లేదు." ఆవిడ ఒకసారి పొలం వైపు తిరిగి చూసింది. "గాని ఆ పాలిలాగ ఏటీ ఇనకుండా తీసుకోడానికొత్తే నేను ఒప్పుకునేదాన్ని కాను. సచ్చినా లేసేదాన్ని కాను."

బావగారు ఏదో అనబోయాడు. నేను చెయ్యెత్తాను.

ఆవిడ ముందు నడిచింది, మేం వెనక. నాలుగు హద్దు రాళ్ళూ తనే చూపించింది. ఒక రాయి చెత్తలో కూరుకుపోయి ఉంటే కాలితో చెత్త తోసి, "ఇదిగో, ఇక్కడికే. ఇటు జానెడు జరిగినా ఊరుకోను" అని బావగారికి వేలు చూపించి మరీ చెప్పింది. డప్పు మోగుతున్నంతసేపూ కార్సి మొలకల వంకే చూస్తూ నిలబడింది. నాకు కళ్ళు చెమర్చాయి. కండువాతో మొహం తుడుచుకుని, ఎండ ఎక్కువగా ఉందన్నాను.

రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. మాకు ఒక వరస ఉంది, ఏ ఊరు వెళ్ళినా అదే వాక్యం. సదరు ప్రతివాదిని భూమి నుండి ఖాళీ చేయించి డిక్రీదారునకు స్వాధీనపరచితిని. చెయ్యి దానంతట అదే రాసేస్తుంది.

"ఏటి రాసేవు? సదువు" అంది.

చదివాను.

"ఖాళీ సేయించేవా? నన్నెవడు ఖాళీ సేయించేడు? నేనే ఇచ్చేను. అలగ రాయి."

"ఏ ముక్క రాత్తే ఏటి, పొలం వచ్చింది కదా. కానీయండి" అన్నాడు బావగారు.

"ఉండవయ్యా" అన్నాను.

ఆ వాక్యం కొట్టేశాను. ప్రతివాది తానే హద్దులు చూపించి పొలం ఇచ్చినది అని రాసి, పక్కన సంతకం పెట్టాను. మళ్ళీ చదివి వినిపించాను. ఆవిడ ఒక్కసారి తలూపి, చెప్పులు చేత్తో పట్టుకుని, గట్టు దిగి రోడ్డు వైపు వెళ్ళిపోయింది. నేను రిటైరయ్యేదాకా ఇంకా చాలా వారెంట్లు అమలు చేశాను గానీ, తానే ఇచ్చినది అన్న మాట మళ్ళీ రాసే అవసరం రాలేదు.